కోపిష్టి అనుకున్న సీఈఓ: ఒక మిర్చి రైతుల కంపెనీ కేస్ స్టడీ

2024 అక్టోబరులో ఒక ఫోన్ వచ్చింది. మహబూబాబాద్ జిల్లాలోని ఒక రైతు ఉత్పత్తిదారుల కంపెనీకి అండగా ఉంటున్న సంస్థవాళ్లు చేశారు. వాళ్లు అడిగింది చిన్న పనే: "మా సీఈఓకు కోపం ఎక్కువ. ఒక రోజు యాంగర్ మేనేజ్‌మెంట్ క్లాసు పెట్టండి." హనుమకొండలో ఉంటూ సంస్థలకు నాయకత్వ శిక్షణ ఇచ్చే నాకు ఇలాంటి ఫోన్లు మామూలే. జబ్బేమిటో, మందేమిటో, ఎన్ని గంటల్లో తగ్గాలో అన్నీ తేల్చేసుకున్నాకే పిలుస్తారు. క్లాసు పెట్టనన్నాను. ముందు అక్కడి మనుషులతో మాట్లాడతాను, ఏం అవసరమో ఆ తర్వాత చెబుతాను అన్నాను. కొంత బేరం నడిచాక ఒప్పుకున్నారు.

ఈ కేసు రాయడానికి సీఈఓ, చైర్మన్ ఇద్దరూ సరేనన్నారు. వాళ్లను గుర్తుపట్టే వివరాలు తీసేశాను.

ఆ కుర్చీ ఎలాంటిది

మనిషి గురించి చెప్పేముందు ఆయన కూర్చున్న కుర్చీ గురించి చెప్పాలి. ఇలాంటి రైతు కంపెనీకి (చట్టం భాషలో ప్రొడ్యూసర్ కంపెనీ) పూర్తికాలం పనిచేసే సీఈఓ ఉండాలని, ఆ వ్యక్తి కంపెనీ సభ్యుడై ఉండకూడదని కంపెనీల చట్టం చెబుతుంది. అంటే చట్టమే ఒక బయటి మనిషిని తెచ్చి రైతుల మధ్య కూర్చోబెడుతుంది. హోదా రీత్యా ఆయన బోర్డులో డైరెక్టరే, కానీ నియమించేదీ తీసేసేదీ కూడా ఆ బోర్డే. మిగతా డైరెక్టర్లు ఎన్నికైన రైతులు. ఎవరికి ఎన్ని షేర్లున్నా ఓటు మాత్రం ఒకటే. మూడు నెలలకోసారైనా బోర్డు కూర్చోవాలి, డైరెక్టర్లలో మూడో వంతు రాకపోతే కోరం ఉండదు.

జీతం సంగతి ఇంకో మెలిక. 2020 ఫిబ్రవరిలో కేంద్రం మొదలుపెట్టిన 10,000 రైతు ఉత్పత్తిదారుల సంస్థల (ఎఫ్‌పీఓల) పథకంలో ఒక్కో కంపెనీకి మూడేళ్లలో 18 లక్షల రూపాయల దాకా నిర్వహణ సాయం ఉంటుంది. సీఈఓ జీతం వచ్చేది అందులోంచే. మూడేళ్లు అయ్యాక కంపెనీ తన వ్యాపారం మీద తాను నిలబడాలి. మన సీఈఓకు నేను వెళ్లేసరికి ఆ గడువులో ఏడాది కూడా మిగల్లేదు. నెల నెలా జీతం ఎవరిస్తారన్న టెన్షన్ ఉన్న మనిషి కోపం గురించి మాట్లాడుతున్నామని అప్పటిదాకా ఎవరూ నాకు చెప్పలేదు.

ఆయనకు ఇరవై ఎనిమిదేళ్లు. కరీంనగర్ వైపు మనిషి. వ్యవసాయ డిగ్రీ, దాని మీద అగ్రిబిజినెస్‌లో ఎంబీఏ. చైర్మన్‌కు అరవై దాటాయి, గతంలో సొసైటీ డైరెక్టరుగా చేసిన రైతు. ఎదురుగా ఉంటే "సీఈఓ సారూ" అంటాడు. పక్కకు వెళ్లాక "గా పిలగాడు". డైరెక్టర్లలో సగం దాకా తండాల నుంచి వచ్చినవాళ్లు. మీటింగులో ఏదైనా చిక్కుముడి వస్తే వాళ్లలో వాళ్లు లంబాడీ భాషలో మాట్లాడుకుంటారు. ఆ రెండు నిమిషాలు సీఈఓ ల్యాప్‌టాప్ చూసుకుంటూ కూర్చుంటాడు.

గొడవ ఎక్కడ మొదలైంది

కంపెనీ చేసే ప్రధానమైన పని తేజ రకం మిర్చిని సభ్యుల దగ్గర కొని నేరుగా మసాలా కంపెనీలకు అమ్మడం. వరంగల్‌లోని ఎనుమాముల మార్కెట్‌లో అడ్తి (మధ్యవర్తి వ్యాపారి) కమీషన్, తరుగు (తూకంలో కోత) లేకుండా రైతుకు నాలుగు రూపాయలు ఎక్కువ రావాలని ఆలోచన. లెక్కకు చాలా బాగుంటుంది. సీఈఓ దాన్ని ఎక్సెల్‌లో చూపిస్తే ఎవరూ కాదనలేరు.

2024 మార్చిలో రెండు సంఘటనలు వెంటవెంటనే జరిగాయి.

మొదటిది కొనుగోలు కేంద్రం దగ్గర. ఒక డైరెక్టరు తమ్ముడు బస్తాలు తెచ్చాడు. తేమ కొలిచే మాయిశ్చర్ మీటర్ పద్దెనిమిది శాతం చూపించింది. కొనే కంపెనీ అడిగేది పది, పదకొండు. సీఈఓ ఆ అంకె పైకి చదివి, "నీళ్లు కొట్టి తెస్తే ఎట్ల కొంటం?" అన్నాడు. చుట్టూ ఇరవై మంది ఉన్నారు. మిర్చి పండించే ఊళ్లలో ఎవరినడిగినా చెబుతారు, బాగా ఎండిన కాయ బస్తాలో తొక్కితే పలిగిపోతుంది, అందుకని కొంచెం నీళ్లు చల్లి మెత్తబడ్డాక నింపుతారు. బరువు కోసం చల్లేవాళ్లూ ఉన్నారు, అదీ నిజమే. ఎక్కువ తేమతో బస్తా కట్టిన కాయకు బూజు పడుతుంది, అఫ్లాటాక్సిన్ అనే బూజు విషం వస్తుంది, లోడు మొత్తం వాపసు వస్తుంది. కాబట్టి వద్దనడం సరైన నిర్ణయమే. ఆ అన్న తమ్ముళ్లు బస్తాలు ఎత్తుకుని అదే రాత్రి ఎనుమాములకు తోలుకుపోయారు.

రెండోది బోర్డు మీటింగు. ప్రతి డైరెక్టరూ తన పంటలో మొదటి పది క్వింటాళ్లు కంపెనీకే అమ్మాలని సీఈఓ తీర్మానం పెట్టాడు. "మీరే అమ్మకపోతే సభ్యులు ఎందుకు అమ్ముతారు?" అని అడిగాడు. ఎవరూ నోరు విప్పలేదు. మళ్లీ అడిగాడు. మౌనమే. అప్పుడు గొంతు లేచింది. "కంపెనీ మీదా, నాదా?" అని అరిచి ల్యాప్‌టాప్ మూసి బయటకు వెళ్లిపోయాడు. ఆ తర్వాతి మీటింగుకు కోరం లేదు. దాని తర్వాతిది ఎలాగో నడిచింది.

ఎలా అంచనా వేశాను

భావోద్వేగ, సామాజిక సామర్థ్యాలను కొలవడానికి అమెరికన్ మనస్తత్వ నిపుణులు రిచర్డ్ బోయట్జిస్, డేనియల్ గోల్‌మన్ రూపొందించిన పన్నెండు సామర్థ్యాల చట్రం ఉంది. నేను దాన్నే వాడతాను. తన మనసులో ఏం జరుగుతోందో తాను గుర్తించడం ఒక భాగం. నిగ్రహం, పరిస్థితికి సర్దుకోవడం, సాధించాలన్న పట్టుదల, ఆశావహ దృష్టి రెండోది. ఎదుటివారి మనసు పట్టుకోవడం, సంస్థలో ఎవరి మాట ఎక్కడ చెల్లుతుందో తెలుసుకోవడం మూడోది. ఒప్పించడం, పక్కవారిని తీర్చిదిద్దడం, తగవు తీర్చడం, కలిసి పనిచేయడం, ఉత్సాహపరచడం నాలుగోది. వీటిని మనిషి తనకు తాను వేసుకునే మార్కులతో కాక, చుట్టూ ఉన్నవాళ్లు చూసిన నడవడితో అంచనా వేస్తారు. ఈ పద్ధతిలో నాకు నచ్చేది అదే.

ఫారాలు ఇచ్చి ఒకటి నుంచి ఐదు దాకా మార్కులు వేయమంటే మన దగ్గర పని జరగదు. మర్యాదకు అందరూ నాలుగు వేస్తారు. అందుకని కల్లాల దగ్గర, ఇళ్ల ముందు కూర్చుని ఒక్కొక్కరిని రెండే అడిగాను: ఆయన మీతో బాగా మసులుకున్న ఒక రోజు చెప్పండి, మీ మనసు నొచ్చిన ఒక రోజు చెప్పండి. అభిప్రాయాలు వద్దు, ఆ రోజు ఎవరేమన్నారో చెబితే చాలన్నాను. జరిగిన సంఘటనలు అడిగి సామర్థ్యాన్ని రాబట్టే ఈ తరహా ఇంటర్వ్యూ అమెరికన్ మనస్తత్వవేత్త డేవిడ్ మెక్‌లెలాండ్ బృందం నుంచి వచ్చింది. ఉద్యోగంలో రాణిస్తారా లేదా అన్నది తెలివితేటల పరీక్షలతో తేలదని, పనిలో కనబడే సామర్థ్యం చూడాలని 1973లో గట్టిగా వాదించినవాడు ఆయనే.

మీటరు సంఘటన గురించి ఆ డైరెక్టరు మాట ఇది: "తేమ ఉంటే వాపసు పంపుడు కరెక్టే సారూ. నేనైనా పంపుత. అంతమంది ముంగట పద్దెనిమిది అని మొత్తుకుంటే మా ఇజ్జత్ ఏంగావాలె?"

చైర్మన్ ఇంకోలా చెప్పాడు. "తెలివున్నోడు. గని మేం నోరు తెరవకముందే జవాబు ఆయననే చెప్తడు."

ఇక్కడిదాకా అనుకున్నదే. అనుకోనిది "బాగా మసులుకున్న రోజు" అన్న ప్రశ్నకు వచ్చింది. దాదాపు అందరూ ఒకే సమయాన్ని చెప్పారు: 2024 ఆగస్టు ఆఖరు, సెప్టెంబరు మొదటి రోజుల వాన. ఇంటికన్నె, కేసముద్రం మధ్య రైలు పట్టాల కింద కట్ట కొట్టుకుపోయిన వాన అది. ఆకేరు పొంగింది, చేలు మునిగాయి, నాటిన మిర్చి పోయింది. ఆ వారమంతా ఈ సీఈఓ బురదలో తండా తండా తిరిగి నష్టం రాసుకున్నాడు. తిట్టినవాళ్ల తిట్లు విన్నాడు. ఒకాయన కాలర్ పట్టుకుంటే విడిపించుకుని పక్కన కూర్చున్నాడట. గొంతు ఒక్కసారీ లేవలేదు.

నిగ్రహం లేని మనిషి అలా ఉండలేడు. వరదలో లేని కోపం బోర్డు మీటింగులో ఎందుకు వచ్చిందన్నదే ఈ కేసులో అసలు ప్రశ్న.

దానికి జవాబు తండా నుంచి ఎన్నికైన ఒక మహిళా డైరెక్టరు ఇచ్చింది. మీటింగుల్లో ఆమె అసలు మాట్లాడదు. ఆ రోజు అందరూ ఎందుకు మాట్లాడలేదని అడిగాను. "మాట్లాడితే బాకీలు బయటపడ్తయి సారూ. సగం మంది పంట నాటకముందే అడ్తికి రాసిచ్చిండ్రు."

విషయం అది. విత్తనానికి, మందులకు, ఇంట్లో పెళ్లికి కూడా ఎనుమాములలోని అడ్తిదారు దగ్గర పెట్టుబడి తెచ్చుకుంటారు. పంట ఆయన దుకాణానికే పోవాలన్నది నోటి ఒప్పందం. పది క్వింటాళ్లు కంపెనీకి ఇవ్వమంటే ఆ ఒప్పందం తప్పమనడమే. నలుగురిలో "నాకు బాకీ ఉంది, ఇవ్వలేను" అని ఏ పెద్దమనిషి అంటాడు? అందుకే మౌనం. ఆ మౌనాన్ని సీఈఓ ద్రోహం అనుకున్నాడు. రెండేళ్లుగా అక్కడే ఉంటున్నా ఎవరు ఏ అడ్తికి కట్టుబడి ఉన్నారో ఆయనకు తెలియదు, ఎందుకంటే ఆయన షీటులో ఆ కాలమ్ లేదు.

నా అంచనా ఇలా రాశాను: పట్టుదల, ఆశావహ దృష్టి, సర్దుబాటు బలంగా ఉన్నాయి. కష్టంలో ఉన్న మనిషిని చూస్తే మనసు పట్టుకోగలడు. కష్టాన్ని దాచుకున్న మనిషి ముందు మాత్రం ఏమీ పట్టుకోలేడు. సంస్థలోని ఆనుపానులు తెలుసుకోవడం అన్నింటికన్నా బలహీనం. కోపం దాని వెంట వస్తోంది. ముందు దీన్ని పట్టుకోవాలి.

చేసిన పని

తప్పుల జాబితాతో మొదలుపెట్టలేదు. బోయట్జిస్ చెప్పే క్రమంలో తానేం కావాలనుకుంటున్నాడన్నది ముందు వస్తుంది, తానిప్పుడు ఎలా ఉన్నాడన్నది తర్వాత. లోపాలతో మొదలుపెడితే మనిషి తనను కాపాడుకునే పనిలో పడతాడు, కొత్తది నేర్చుకోడు. ఐదేళ్ల తర్వాత ఏం చేస్తుంటారని అడిగాను. మొదట ఇంటర్వ్యూలో చెప్పే జవాబే చెప్పాడు, ఎగుమతి కంపెనీలో పెద్ద హోదా అని. మూడోసారి కూర్చున్నప్పుడు మాట మారింది. ఈ ఊరి మిర్చితో ఇక్కడే కారం మిల్లు పెట్టాలని, పక్క మండలాల కంపెనీలు సలహాకు తన దగ్గరికి రావాలని ఉందన్నాడు. అయితే ఇంటర్వ్యూల్లో వచ్చిన మాటలు చూద్దామా అని అప్పుడు బయటపెట్టాను. చదివి చాలాసేపు ఏమీ అనలేదు. తర్వాత అడిగిన మొదటి మాట "ఎవరెవరు ఏ అడ్తికి బాకీ ఉన్నారు?" నాకు చెప్పే హక్కు లేదు, మీరే తెలుసుకోవాలన్నాను.

పెట్టుకున్న అభ్యాసాలు మూడు. ముఖ్యమైనది మీటింగుకు ముందు ఇళ్లకు వెళ్లడం. ప్రతి బోర్డు మీటింగుకు ముందు ఇద్దరు ముగ్గురు డైరెక్టర్ల ఇళ్లకు వెళ్లాలి. ల్యాప్‌టాప్ తీసుకెళ్లకూడదు. పెట్టబోయే తీర్మానం చెప్పి, "దీంట్ల మీకు ఇబ్బందేమన్నా ఉందా?" అని అడిగి ఊరుకోవాలి. మొదట్లో ఇది లాబీయింగ్ కదా అన్నాడు. నాలుగు గోడల మధ్య చెప్పుకోగలిగింది నలుగురిలో చెప్పుకోలేని ఊళ్లో, మనిషికి పరువుగా నిజం చెప్పే చోటు ఇవ్వడమే ఇది అన్నాను. నమ్మలేదు, కానీ వెళ్లాడు. రెండో ఇంట్లోనే చైర్మన్ తన బాకీ తానే చెప్పాడు. ఆ సాయంత్రం సీఈఓ నాకు ఫోన్ చేసి, "నేను ఆయన్నే అందరికన్నా ఎక్కువ అవమానించాను" అన్నాడు.

రెండోది కొనుగోలు కేంద్రం నియమం. మీటరు రైతు చేతికే ఇవ్వాలి, అంకె ముందు ఆయనే చూసుకోవాలి. వద్దనాల్సి వస్తే పక్కకు పిలిచి చెప్పాలి, ఆరబెట్టుకోవడానికి టార్పాలిన్ ఇచ్చి, మళ్లీ ఏ రోజు తేవాలో చెప్పాలి. పని చిన్నదే. శిక్షణలో భాగమని కాకుండా కేంద్రం నియమంగా గోడ మీద రాయించాం, ఎందుకంటే తొక్కిసలాటలో మనిషికి గుర్తుండేది నియమమే.

మూడోది ఒంటిని గమనించుకోవడం. కోపం వచ్చేముందు తనకు చెవులు వేడెక్కుతాయని, చేయి ల్యాప్‌టాప్ మీదికి పోతుందని ఆయనే గుర్తుపట్టాడు. అలా అనిపించినప్పుడు జవాబు చెప్పకుండా ఒక ప్రశ్న అడగాలని అనుకున్నాం. రోజూ డైరీ రాయమన్నాను గానీ అది నిలవలేదు, సీజను మొదలవగానే అటకెక్కింది. ఫోన్‌లో పెట్టుకున్న ఊపిరి వ్యాయామాల యాప్‌దీ అదే గతి.

వీటన్నిటికీ తోడు అక్కడే ఉండి నిజం చెప్పే మనిషి ఒకరు కావాలి. నెలకోసారి వచ్చే నాలాంటివాడు సరిపోడు. ఎవరిని ఎంచుకుంటావంటే, నేను అకౌంటెంట్ పేరు చెబుతాడనుకున్నాను. ఆయన ఆ మహిళా డైరెక్టరు పేరు చెప్పాడు. ఆమెను "అక్కా" అంటాడు. మీటింగులో ఆయన గొంతు మారితే ఆమె చాయ్ తెమ్మని కేకేస్తుంది. ఇది వాళ్లిద్దరూ పెట్టుకున్న ఏర్పాటు, నా సలహా కాదు. లంబాడీ భాషలో వాళ్లేం అనుకుంటున్నారో కూడా ఆమే చెప్పడం మొదలుపెట్టింది, అన్నీ కాదు, చెప్పదగినవి.

ఒక మాట పక్కదారి అయినా చెబుతాను. చప్పట్లు, సర్టిఫికెట్లు, గ్రూప్ ఫోటోతో ముగిసే ఒక్కరోజు మోటివేషన్ క్లాసులు మన జిల్లాల్లో తెగ నడుస్తున్నాయి. వాటికంటే మంచి పని అరవై ఏళ్ల కిందే మన గడ్డ మీద జరిగింది. 1960ల నడుమ మెక్‌లెలాండ్ బృందం కాకినాడ వ్యాపారులకు హైదరాబాద్‌లోని చిన్న పరిశ్రమల శిక్షణ సంస్థలో శిక్షణ ఇచ్చింది. ఆ సంస్థే ఇప్పుడు యూసుఫ్‌గూడలో ఉన్న చిన్న పరిశ్రమల జాతీయ సంస్థ, ని-ఎంఎస్ఎంఈ. అక్కడ వ్యాపారులు తమ లక్ష్యాలు తామే రాసుకున్నారు. శిక్షణ పొందినవాళ్లు ఆ తర్వాత వ్యాపారంలో మిగతావాళ్ల కన్నా చురుగ్గా కదిలారని పరిశోధకులు చూపించారు. బోయట్జిస్ ఆ మెక్‌లెలాండ్ శిష్యుడే. పెద్దయ్యాక మనిషి మారడన్న మాటకు జవాబు కాకినాడలోనే దొరుకుతుంటే, మనం ఇంకా ఒక్కరోజు క్లాసులకు డబ్బులు కడుతున్నాం.

2025 సీజనులో ఏమైంది

పది క్వింటాళ్ల తీర్మానం పోయింది. దాని బదులు చైర్మనే ఒక ప్రతిపాదన తెచ్చాడు: ప్రతి సభ్యుడూ మొదటి ఏరుడులో రెండు బస్తాలు కంపెనీకి ఇవ్వాలి, మిగతాది వాళ్ల ఇష్టం. అడ్తిదారుతో మాట పోకుండానే కంపెనీతో సంబంధం ఉంటుంది. సీఈఓ లెక్కల ప్రకారం ఇది చాలా తక్కువ. మీటింగులో ఆయన చెవులు వేడెక్కాయట. "ఎక్కువ పెడితే ఎవరికి ఇబ్బంది?" అని మాత్రం అడిగాడు. తీర్మానం పాసైంది. బోర్డు మీటింగులకు కోరం సమస్య మళ్లీ రాలేదు. కొనుగోలు కేంద్రం దగ్గర కాయ వాపసు పోవడం ఆగలేదు గానీ, వాపసు పోయిన బస్తాల్లో చాలావరకు ఆరబెట్టుకుని మళ్లీ వచ్చాయి. అంతకుముందు పోయినవి పోయినట్టే.

ఇదంతా శిక్షణ ఫలితం అనను. 2025 మొదట్లో మిర్చి ధర బాగా పడిపోయింది. మార్కెట్‌లో ధర లేనప్పుడు రైతు సహజంగానే ఇంకో దారి చూస్తాడు. ధర బాగున్న సీజనులో కూడా రెండు బస్తాలు వస్తే అప్పుడు నమ్ముతాను. మనుషుల నడవడిలో వచ్చిన మార్పుకు మాత్రం సాక్ష్యం గట్టిగానే ఉంది. మేలో మళ్లీ అవే రెండు ప్రశ్నలతో తిరిగాను. మనసు నొచ్చిన రోజు చెప్పమంటే ఇద్దరు ముగ్గురు పాత సంగతులే చెప్పారు, కొత్తవి గుర్తుకు రాలేదు.

కొత్త ఫిర్యాదు కూడా వచ్చింది. "ఇప్పుడు మరీ మెత్తబడ్డడు. ఇంటింటికి తిరిగి అడిగేసరికి లారీ పోతది" అన్నాడు చైర్మన్. అది వట్టి ఎగతాళి కాదు. ఏప్రిల్‌లో ఒక కొనుగోలుదారు రెండు రోజుల్లో జవాబు అడిగితే, అందరినీ కలిసేసరికి నాలుగు రోజులై ఆ బేరం చెడింది. దేనికి ఇళ్లకు వెళ్లాలి, దేనికి సీఈఓ తానే నిర్ణయం తీసుకోవచ్చు అన్నది అప్పుడు బోర్డులో రాతపూర్వకంగా పెట్టుకున్నారు. ముందే పెట్టుకోవాల్సింది. మీటరు దగ్గర అవమానపడ్డ ఆ అన్న తమ్ముళ్లు మాత్రం తిరిగి రాలేదు. సీఈఓ వాళ్లింటికి వెళ్లాడు, మంచినీళ్లిచ్చారు, మాట్లాడారు, మిర్చి మాత్రం ఎనుమాములకే పోయింది.

పథకం సాయం గడువు ముగిసింది. బోర్డు ఆయనకు జీతం కొంత తగ్గించి, అమ్మకాల మీద చిన్న కమీషన్ కలిపి కొనసాగించింది. ఓటు అవసరం పడలేదు. అదే సమయంలో హైదరాబాద్‌లోని ఒక రుణసంస్థ నుంచి ఇంతకన్నా మంచి జీతంతో ఆఫర్ వచ్చింది. తీసుకుంటే తప్పు కాదని నేనే అన్నాను, మూడేళ్లు గ్రామాల్లో బోర్డును నడిపిన అనుభవానికి వచ్చిన ధర అది. కారం మిల్లు లోను కాగితాలు బ్యాంకులో ఉన్నాయని ఏడాది ఆగుతానన్నాడు.

ఇప్పుడు పని చేస్తున్న అంశం వేరు. కొనుగోలు కేంద్రానికి పెట్టుకున్న స్థానిక కుర్రాడు మానేస్తానంటున్నాడు. ప్రతి కాంటా దగ్గర సీఈఓ వచ్చి నిలబడి సరిచేస్తాడని అతని బాధ. రైతుల ముందు ఇప్పుడు గొంతు లేవదు, తన కింద పనిచేసేవాడి ముందు మాత్రం పాత అలవాటే. పక్కవారిని తీర్చిదిద్దడం అన్నది మొదటి అంచనాలోనూ తక్కువే ఉంది, అప్పుడు దాన్ని పక్కన పెట్టాం. వచ్చే సీజనులో వారానికి రెండు రోజులు కేంద్రం ఆ కుర్రాడికే పూర్తిగా వదిలేసి, సాయంత్రం లెక్క మాత్రం అడగాలని అనుకున్నాం. ఆ రెండు రోజులు సీఈఓ ఏం చేస్తాడని అడిగితే, మిల్లు స్థలం చూడటానికి పోతానన్నాడు. అక్క మాత్రం, "మీటరు నీతోనే తీస్కపోతవేమో, ఆడ పెట్టిపో" అంది.